మా అక్కయ్య భయము

ముట్లుడుగుటను గూర్చి నలుగురిలో మాటాడుట మన యిండ్లలో వాడుక లేదు. ఆ మాట వంటయింటి గడప దాటి వెలికి రాదు. అయినను మా పుట్టినింటి ఆడపడుచునకు జరిగిన సంగతిని సోదరీమణుల యెదుట నుంచుట మేలని తలంచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా అక్కయ్యకు ముప్పదియెనిమిదవ యేట గర్భసంచిలో గడ్డలు లేచి, నెలనెలకు రక్తస్రావ మధికమై, మనిషి పాలిపోయినది. శస్త్రచికిత్స చేసి గర్భసంచిని తీసివేసిరి. దానితోపాటు రెండు అండాశయములను గూడ తీసివేసిన సంగతి, ఇంటికి వచ్చి ఆసుపత్రి కాగితము చదువుకొన్నప్పుడు గాని మాకు తెలియలేదు. నెల తిరుగక మునుపే ఒడలంతయు ఆవిరులు క్రమ్ముట, నడిరేయి చెమటలతో మేలుకొనుట, కారణము లేకయే కన్నీరు వచ్చుట మొదలైనవి. వైద్యురాలు ఈస్ట్రోజను మాత్రలు వ్రాసి యిచ్చిరి. అక్కయ్య వాటిని పది దినములు వేసికొని మానివేసినది.

ఏల మానితివని యడుగగా, “ఈ మాత్రలు మ్రింగినవారికి మతి పోవునట. పత్రికలో గూడ చదివితిని. మా అత్తగారిని చూచుచున్నావు గదా చెల్లీ! నేనును అట్లే యైనచో నన్నెవరు చూతురు?” అన్నది.

మేము బదులు చెప్పలేకపోతిమి. అక్కయ్య అత్తగారు చిన్ననాడు కంఠస్థము చేసిన పద్యములను నేటికిని ఒక్క యక్షరము పొల్లుపోకుండ చదువుదురు, కాని పూటపూటకు అన్నము కలిపి పెట్టు కోడలిని “నీ వెవరమ్మా?” అని యడుగుదురు. అట్టి యింట కాపురము చేయుదానితో అది వట్టి భయమని యెట్లు చెప్పగలము? ఆ మాట యెచట పుట్టినదో తెలిసికొనవలెనని పూనుకొంటిమి.

అది అమెరికాలో పుట్టినది. అచట ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అను గొప్ప పరిశోధనలో భాగముగా 4,532 మంది స్త్రీలను రెండు పాళ్ళు చేసి, ఒక పాలివారికి ఈస్ట్రోజను, ప్రొజెస్టిను కలిపిన మందును, రెండవ పాలివారికి మందులేని మాత్రను ఇచ్చి, సుమారు నాలుగేండ్లు కనిపెట్టి చూచిరి. 2003లో ఫలితము వెల్లడియైనది. మందు తిన్నవారిలో 40 మందికి, తిననివారిలో 21 మందికి వైద్యులు డిమెన్షియా యనెడు మతిమరుపు జబ్బు కనబడినది. రెట్టింపు! ఈ రెట్టింపు అను మాటయే సముద్రములు దాటి మా అక్కయ్య చెవిని బడినది.

మా ఇంటివారు బడిలో లెక్కలు చెప్పుదురు. “ఎంతకు రెట్టింపో చూడుము” అనిరి. చూడగా, పదివేల మందిని ఒక యేడు లెక్కించినచో మందులేనివారిలో 22, మందు తిన్నవారిలో 45. అనగా పదివేలకు 23 మంది యెక్కువ. ఇది స్వల్పమని మేము చెప్పము. ఆ ఇరువదిముగ్గురును ఎవరో యొకరి తల్లులే. కాని మా భయమున కొక కొలత దొరకినది.

అంతకంటె ముఖ్యమైన సంగతి వేఱొకటి. ఆ స్త్రీలందఱును 65 ఏండ్లు నిండినవారు. ముట్లుడిగిన చాల ఏండ్లకు ఈ పరిశోధనలో చేరినవారు. అక్కయ్య వయసు ముప్పదియెనిమిది. మందును ఒకటి కాదు. గర్భసంచి యున్నవారికి ఈస్ట్రోజను ఒక్కటే యిచ్చిన లోపొర పెరిగి క్యాన్సరు కావచ్చును గనుక ప్రొజెస్టినును చేర్తురు. గర్భసంచి తీసివేసినవారికి సాధారణముగా ఆ యవసరము లేదు. గర్భసంచి లేని 2,947 మందికి ఈస్ట్రోజను గాని, మందులేని మాత్రను గాని యిచ్చి చూచిన ఫలితము 2004లో వచ్చినది. మందు తిన్నవారిలో 28, తిననివారిలో 19. ఇంతటి భేదము కాకతాళీయముగాను రావచ్చును. వీరును 65 నిండినవారే.

మఱి చిన్నవారి మాటయో? 50 మొదలు 55 ఏండ్ల లోపల మందు మొదలుపెట్టిన వారితో గూడిన 1,326 మందిని కొన్నేండ్ల తరువాత పరీక్షించి, 2013లో ఫలితము ప్రకటించిరి. మందు వలన జ్ఞాపకశక్తి హెచ్చలేదు, తగ్గలేదు. 2023లో డెన్మార్కువారు వైద్యపు లెక్కలు తిరుగవేసి, హార్మోనులు వాడినవారిలో డిమెన్షియా కొంత యధికముగ నున్నదనిరి. అయితే ఆవిరులతో నిద్ర చెడినవారే మందు కోరుదురు గనుక, కారణము మందో ఆ బాధయో అట్టి లెక్క తేల్చజాలదు. అమెరికా ఔషధాధికారులు ఈ మందులపై చాల ఏండ్లుగా నుంచిన డిమెన్షియా హెచ్చరికను తొలగించెదమని 2025 నవంబరులో ప్రకటించిరి.

మాకు కనువిప్పు కలిగించినది మఱియొక పరిశోధన. మినెసోటా రాష్ట్రమందలి మేయో వైద్యశాలవారు 2007లో ప్రకటించిన దానిని బట్టి, ముట్లుడుగక మునుపే అండాశయములు తీసివేయబడిన స్త్రీలలో మతిమరుపు జబ్బు హెచ్చుగ కనబడినది. ఏబదవ యేటివరకైనను ఈస్ట్రోజను తీసికొన్నవారిలో ఆ హెచ్చు కనబడలేదు. ఇదియు కనిపెట్టి చూచిన లెక్కయే గాని తుదితీర్పు కాదు. అయినను అక్కయ్య దేనికి వెఱచి మాత్ర మానినదో, ఆ మానుటయందే ఆ యపాయ ముండవచ్చునని తెలిసి మా గుండె ఝల్లుమన్నది.

ఈ మాట మన ప్రాంతమున మఱింత యవసరము. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను బట్టి, 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమున నూటికి సుమారు 3. ఆంధ్రప్రదేశమున సుమారు 9, తెలంగాణమున సుమారు 8.

అక్కయ్యను వెంటబెట్టుకొని మరల వైద్యురాలి కడకు పోయితిమి. రొమ్ము క్యాన్సరు గాని, పక్షవాతము గాని, రక్తము గడ్డకట్టుట గాని, కాలేయపు జబ్బు గాని యున్నదా యని వారు విచారించి, పరీక్షించి, ఏబది దగ్గఱపడువరకు వాడవచ్చునని, ఏటేట వచ్చి చూపించుకొనవలెనని చెప్పిరి. జ్ఞాపకశక్తిని కాపాడుకొనుటకే యని యెవరును దీనిని తినవలదనియు హెచ్చరించిరి. అక్కయ్య ఇప్పుడు రాత్రులు నిదురించుచున్నది. భయ మంతయు పోయినదని చెప్పము. అత్తగారు తన్ను మఱచిననాడు అక్కయ్య మొగము నేటికిని చిన్నబోవును. అయినను మాత్ర మానలేదు.

సోదరీమణులారా! ఒక మందు చెడ్డదని వినినప్పుడు, ఏ వయసువారిని చూచి ఆ మాట చెప్పిరో, వా రే మందు తినిరో ముందుగ నడుగుడు. గర్భసంచి తీయించుకొనవలసి వచ్చినచో, అండాశయముల నుంచెదరా, తీసెదరా, తీసినచో ఏల తీసెదరని సంతకము చేయకమునుపే యడుగుడు. మా అక్కయ్య కాగితమును మేము ఇంటికి వచ్చి చదివితిమి. మీరు ముందే చదువుడు.