తీసివేతకూ ఒక పద్ధతి

ఖాతా మూయాలంటే పాసుబుక్కు చించి పారేస్తే చాలదు. మిగిలిన చెక్కులు తిరిగి ఇవ్వాలి. బీమాకో, అప్పు వాయిదాకో ఇచ్చిన స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్లు రద్దు చేయాలి. వడ్డీ లెక్క తేల్చాలి. ఆ తరువాతే మూత. బ్యాంకు ఉద్యోగిని గనక, కంప్యూటరులోంచి ఒక ప్రోగ్రామును తీసివేయడం గూడా నాకు ఇలాంటి వ్యవహారంగానే తోస్తుంది.

మా హోసూరులో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామందే ఉన్నారు. రాసేవాళ్లే తగ్గిపోతున్నారు. ఆ కొద్దిమందిలో మా వీధి అయివారు ఒకరు. చుట్టుపక్కల చెరువుల పేర్లూ, చేల పేర్లూ, వాటి వెనక కథలూ ఏళ్ల తరబడి ఒక పాత తెలుగు టైపింగు ప్రోగ్రాములో కొట్టి దాచుకున్నారు. పోయిన వేసవి సెలవుల్లో వాళ్ల మనమడు, కంప్యూటరు మెల్లగా నడుస్తోందని ఆ ప్రోగ్రాము ఫోల్డరునూ ఫాంట్లనూ చెరిపేశాడు. మంచి ఉద్దేశమే. కాని మరునాటి నుంచి కంప్యూటరు పెట్టినప్పుడల్లా ఏదో ఫైలు కనబడలేదని ఫిర్యాదు. ఒక కీ నొక్కితే మరొకటి పడుతోంది. చెరువుల పేర్లున్న చోట అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ!

“నా రాతలు పోయినట్టేనా నాయనా?” అన్నారు అయివారు.

“పోలేదు అయివారూ, ఉన్నాయి. కనబడడం లేదు, అంతే” అన్నాను.

అలాంటి పాత ప్రోగ్రాములు ఇంగ్లీషు అక్షరాల సంకేతాలనే వాడుకొని, వాటికి తెలుగు రూపం తొడిగేవి. ఆ ఫాంటు పోతే రూపమూ పోతుంది. 1991లో వచ్చిన యూనికోడులో తెలుగుకు సొంత సంకేతాలున్నాయి. అందులో దాచిన రాత ఒక్క ఫాంటును నమ్ముకొని బతకదు.

బీరువాలో పాత సీడీ దొరికింది. అదే ప్రోగ్రామును మళ్లీ ఎక్కించాం. తీసేయడానికి ఎక్కించడమేమిటని మనమడు నవ్వాడు. ఎక్కేటప్పుడు అది తనంతట తాను మొదలయ్యే ఏర్పాటు చేసుకుంది, కీబోర్డు మార్చింది, ఫాంట్లు పెట్టింది. వాటిని వెనక్కి తిప్పే అన్‌ఇన్‌స్టాలరూ దానితోనే వస్తుంది. ఫోల్డరు చెరిపితే అదీ పోతుంది, మార్పులు మాత్రం మిగిలిపోతాయి.

ముందు ఫైళ్లన్నీ పెన్‌డ్రైవులోకి కాపీ చేశాం. తరువాత యూనికోడులోకి మార్చాం. చెదిరిన ఒత్తులను అయివారే కూర్చుని దిద్దారు. దానికి పది రోజులు పట్టింది. ఒక రిస్టోర్ పాయింటు పెట్టుకున్నాం. ప్రోగ్రాము సెట్టింగుల్లోనే కీబోర్డును ఇంగ్లీషుకు తిప్పి, తనంతట మొదలవడం ఆపి, దాన్ని మూసి, విండోస్ యాప్స్ జాబితాలోంచి తీసివేశాం. కంప్యూటరు ఆపి మళ్లీ పెట్టి, టాస్క్ మేనేజరులో స్టార్టప్ జాబితా, సెట్టింగుల్లో కీబోర్డుల జాబితా సరిచూశాం. ఒక కీబోర్డు అక్కడే మిగిలివుంది, దాన్నీ తొలగించాం. రిజిస్ట్రీలో చెయ్యిపెట్టే అవసరం రాలేదు. విండోస్‌తో వచ్చే తెలుగు కీబోర్డునే చేర్చుకున్నాం.

ఇప్పుడు అయివారు వేళ్లకు కొత్త అలవాటు నేర్పుకుంటున్నారు. మీ యిళ్లలోనూ పాత ఫాంట్లలో కొట్టిన రాతలుంటాయి. ఆ అక్షరాలు చదవలేని పిల్లల చేతికి కంప్యూటరు పోకముందే వాటిని యూనికోడులోకి మార్చుకోండి. కథలు మళ్లీ రాసేవాళ్లు దొరకవచ్చునేమో గాని, మా చెరువుల పేర్లు రెండోసారి చెప్పేవాళ్లు లేరు.