రెండు రంగుల ముగ్గు

అమ్మ ముగ్గుల పుస్తకంలో ఆ బొమ్మ పక్కన ఒకే వాక్యం: 15 చుక్కలు, 8 దాకా, సందు చుక్క. నడిమి వరుసలో పదిహేను, పైకీ కిందికీ వరుసకొకటి తగ్గుతూ ఎనిమిది వరకు. కూడితే 169 చుక్కలు. ఇంత పొదుపైన ప్రోగ్రాము నేనింతవరకూ వ్రాయలేదు. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో గిఫ్ట్ శిరోమణి, రాణీ శిరోమణి, కమలా కృతివాసన్ 1970ల్లోనే ముగ్గులకు కంప్యూటరు వ్యాకరణం కట్టారంటే అందుకే నాకు ఆశ్చర్యం కలుగలేదు.

నిరుడు సంక్రాంతికి అమ్మ చేయి వణికి గీత నిలవలేదు. ఈ ముగ్గును కంప్యూటరు చేత గీయించి, అచ్చువేయించి ఇవ్వాలనుకున్నాను. తెర మీద 1,67,77,216 రంగులు దొరుకుతాయి కదా, ముప్ఫై దాకా వాడేశాను. వనపర్తిలో పెండ్లిపత్రికలు వేసే ఆయన చూసి నవ్వాడు. "రంగుకో స్క్రీను గావాలె సార్. రెండు రంగులు జేస్కరాండ్రి."

రెండంటే ఎరుపు, నీలం. అసలు చిక్కు అక్కడే మొదలైంది. మెలికలో ఎర్రగీత ఒకచోట నీలం మీదుగా, మరొకచోట కిందుగా పోవాలి. అచ్చులోనేమో రెండోసారి వేసిన సిరాయే ఎప్పుడూ పైన ఉంటుంది! కాబట్టి ఎరుపు పైకి రావలసిన ప్రతిచోటా నీలాన్ని కత్తిరించమని ప్రోగ్రాములో వ్రాశాను. సరిగ్గా గీత వెడల్పుకే కత్తిరిస్తే, స్క్రీను వెంట్రుకవాసి జరిగినా తెల్లటి సందు కనిపిస్తుంది. కనిపించింది కూడా. నీలాన్ని ఎరుపు అంచుల మీదికి కొంచెం జరిపితే గాని సందు మూసుకోలేదు. (గద్వాల చీరలో నూలు ఒంటికీ పట్టు అంచుకూ మధ్య పోగులు పెనవేసే నేతగాడికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర లేదు.)

నాలుగో ప్రతి కుదిరింది. అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని, గీత వెంట వేలు పోనిస్తూ చాలాసేపు చూసింది. ఎడమ మూల వేలు ఆగిపోయింది. మొదలూ చివరా లేని ఒకే గీత అది. రెండు రంగుల కోసం నేను దాన్ని రెండుచోట్ల తుంచాను.

"ఈడ ఎందుకు తెంపినవ్ నాయినా?"

మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఎర్రమన్ను రంగు కాగితం, తెల్లసిరా, ఒక్కటే స్క్రీను.