వండి వడ్డించిన లినక్సు

అన్నీ ముందే అమర్చి చేతికిచ్చే లినక్సు పంపిణీ వండి వడ్డించిన విస్తరి వంటిది. పొయ్యి వెలిగించే శ్రమ లేదు. కానీ వండినవారెవరు, సరుకు ఎప్పటిది, రేపు మళ్ళీ పొయ్యి వెలుగుతుందా అన్నవి విస్తరిని చూస్తే తెలిసేవి కావు.

ఈ ఆలోచనకు కారణం నాచారంలో మా వీధి చివరనున్న ట్యూషన్ కేంద్రం. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. అక్కడి ఆరు కంప్యూటర్లు విండోస్ 11కు చాలవు. కొత్తవి కొనే స్తోమత లేదు. ఉప్పల్‌లోని ఒక మరమ్మతు దుకాణంవారు పెన్‌డ్రైవులో ఒక లినక్సు ఇచ్చి, తెలుగుతో సహా అన్నీ ఇందులోనే ఉన్నాయన్నారట. కేంద్రం నడిపే ఆవిడ దానిని నాకు చూపి, “సోకులేమొద్దు అన్నా, పరీక్షల ముందట ఆగిపోకుంటే చాలు” అన్నారు.

మొదట తెలుగును పరీక్షించాను. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’, ‘జ్యోత్స్న’ అన్న మాటలు వ్రాసి, దస్త్రానికి అవే పేర్లు పెట్టి, పీడీఎఫ్‌గా మార్చి చూశాను. ఒత్తులు ఎక్కడా విడిపోలేదు. ఇన్‌స్క్రిప్టు కీబోర్డు సిద్ధంగా ఉంది. ఒకప్పుడు ఇదే పెద్ద పని. చెన్నైలోని సీ-డాక్ వారు డెబియన్ ఆధారంగా చేసిన బాస్ లినక్సుకూ, హైదరాబాదులో రూపొందిన స్వేచ్ఛకూ ఆ కొరత తీర్చడం ఒక లక్ష్యం. నేడు ఆ పని చాలావరకు మూల పంపిణీలలోనే చేరిపోయింది. కనుక తెలుగు చక్కగా కనబడటం ఒక్కటే యోగ్యతాపత్రం కాదు.

రెండవది వయస్సు. వ్యవస్థ వివరాలు తెరిచి చూస్తే అది డెబియన్ 10పై కట్టినదని తేలింది. డెబియన్ 10కు దీర్ఘకాలిక భద్రతా మద్దతు 2024 జూన్ 30తోనే ముగిసింది. పైన రంగు కొత్తది, పునాది కాలం చెల్లినది. తాజాకరణ మీట నొక్కితే అంతా సవ్యంగా ఉందని జవాబు వచ్చింది. రావలసినవే ఆగిపోయాక మరొక జవాబు ఎలా వస్తుంది?

మూడవది పుట్టుక. 2016 ఫిబ్రవరిలో లినక్సు మింట్ వెబ్‌సైటులోకి చొరబడినవారు, దొంగద్వారం పెట్టిన ప్రతి వైపు లంకెను మళ్ళించారు. అంతటి పేరున్న పంపిణీకే అది జరిగింది. అందుకే చెక్‌సమ్ సరిచూసుకోవాలంటారు. ఈ పెన్‌డ్రైవులోని దానికి సరిచూసుకునేందుకు మూలమే లేదు. చేర్పులు ఎవరివో దుకాణంవారికీ తెలియదు.

చివరకు 2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13నే నేరుగా స్థాపించి, తెలుగు ఖతులు, ఐబస్ చేర్చాము. కంప్యూటరుకు ఒక పూట పట్టింది. పాత ప్రశ్నపత్రాలు మాత్రం యూనికోడ్ కాని డీటీపీ ఖతులలో ఉన్నందున అర్థంలేని గుర్తులుగా తెరుచుకున్నాయి. ఆ లోటు ఏ పంపిణీ తీర్చేదీ కాదు. కావలసినవాటిని ఆవిడ మళ్ళీ టైపు చేసుకుంటున్నారు.

ముందే అమర్చినది చెడ్డదని నా వాదన కాదు. అటువంటివే ఎందరిచేతనో లినక్సు గడప దాటించాయి. అయితే అమర్చినవారి పేరు, చేర్పుల జాబితా, మద్దతు ముగిసే తేదీ, ఈ మూడూ అడిగితే దొరకాలి. రేపు ఏదైనా చెడితే ఆ కంప్యూటర్ల ఎదుట ఉండేది ఆవిడే, నేను కాను. డెబియన్ 13కు దీర్ఘకాలిక మద్దతు 2030 జూన్ వరకు అని ఆవిడ కాగితంమీద వ్రాసి క్యాలెండరు పక్కన అంటించుకున్నారు.