ఆ రెండో మిషను

2004 ఎండాకాలం. హైదరాబాద్‌లో ఒక క్యాంపస్ కంప్యూటర్ సెంటర్‌లో నా మొదటి ఉద్యోగం. సర్వర్ రూమ్ తలుపు తీయగానే ఏసీ చలితో పాటు యూపీఎస్ బ్యాటరీల పుల్లటి వాసన ముక్కుకు తగిలేది. ఆ మెషిన్లకు మేం పెట్టుకున్న పేర్లు ఇప్పుడు ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. వాసన మాత్రం పోలేదు.

మెయిల్ అంతా ఎన్ఎఫ్ఎస్ స్టోరేజీలో మెయిల్‌డిర్ పద్ధతిలో ఉండేది. ఒక్కో ఉత్తరం ఒక్కో ఫైలు. రెండు సర్వర్లు ఒకేసారి ఒకే ఇన్‌బాక్సులోకి వెళ్లినా లాకుల గొడవ ఉండదు. స్టోరేజీ ముందు రెండు లినక్స్ సర్వర్లు, వాటి ముందు పని పంచిపెట్టే ఎల్‌వీఎస్. ఒకటి పడిపోతే రెండోది నడిపిస్తుందన్న ధీమా మాది. ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ వాడేవాళ్లకు ఏ ఇబ్బందీ రాలేదు. బ్రౌజర్‌లోనూ మెయిల్ కావాలంటే స్క్విరల్‌మెయిల్ ఎక్కించాం. తిప్పలు అప్పుడు మొదలయ్యాయి.

రిటైరైన ప్రొఫెసర్ గారొకరు సాయంత్రాలు లైబ్రరీలో కూర్చుని మెయిల్ చూసుకునేవారు. కూతురు అమెరికాలో ఉండేది, ఏ ఊరో మర్చిపోయాను. "ఏం బాబూ, ఇప్పుడే కదా పాస్‌వర్డ్ కొట్టాను, మళ్లీ గుమ్మంలో నిలబెట్టి నువ్వెవరని అడుగుతోంది" అంటూ మా గది దాకా వచ్చేవారు. ఆ గొంతులో కోపం ఉండేది కాదు. అందుకే ఎక్కువ బాధేసేది.

ఆయన లాగిన్ అయిన సంగతిని మొదటి సర్వర్ తన సొంత డిస్కులో రాసుకునేది. తర్వాతి క్లిక్కు రెండో సర్వర్‌కి వెళ్తే దానికి ఆయనెవరో తెలియదు. జతచేసిన ఫోటో ఒకదాంట్లో ఉండిపోయేది, సెండ్ నొక్కింది ఇంకోదానికి చేరేది. అడ్రస్‌బుక్ ఒకసారి కనిపించి ఇంకోసారి ఖాళీగా వచ్చేది.

"పర్సిస్టెన్స్ పెట్టరా, ఒక ఐపీ నుంచి వచ్చినవాళ్లంతా ఒకే సర్వర్‌కి వెళ్తారు" అన్నారు మా సీనియర్. పెట్టాం. అయితే హాస్టళ్లు, లైబ్రరీ, డిపార్ట్‌మెంట్లు అన్నీ ఒకే స్క్విడ్ ప్రాక్సీ గుండా వచ్చేవి. ఎల్‌వీఎస్ కంటికి క్యాంపస్ మొత్తం ఒకే మనిషి! ఒక మెషిన్‌కి ఊపిరాడటం లేదు, పక్కది ఖాళీగా కూర్చుంది. రెండు తెరలూ పక్కపక్కన పెట్టుకుని లోడ్ అంకెలు చూస్తూ ఎంతసేపు నిలబడ్డామో.

చివరికి సెషన్లు, అటాచ్‌మెంట్లు రెండూ షేర్డ్ స్టోరేజీ మీదికి మార్చాం. అడ్రస్‌బుక్, ఒక్కొక్కరి సొంత సెట్టింగులు మైఎస్‌క్యూఎల్‌లోకి వెళ్లాయి. ఆ రోజు నేను లాగిన్ అయి, ఫోటో జతచేసి, సెండ్ నొక్కే ముందు ఒక సర్వర్ కేబుల్ పీకమన్నాను. మెయిల్ వెళ్లింది. మా సీనియర్ భుజం తట్టారు. ఇప్పుడు క్లౌడ్‌లో ఎన్ని సర్వర్లున్నా నేను మొదట చేసే పరీక్ష అదే.

ఆ ఏడాదే జీమెయిల్ వచ్చింది, ఒక జీబీ ఇస్తామంటూ. ఆహ్వానం ఉంటేనే ప్రవేశం. కుర్రాళ్లు ఆహ్వానాల కోసం బతిమాలుకునేవాళ్లు. ప్రొఫెసర్ గారు మాత్రం మా దగ్గరే ఉన్నారు. ఎక్స్‌పీ సీడీ పెట్టించుకుని గౌతమి ఫాంట్ తెప్పించుకున్నారు, కూతురికి తెలుగులో రాద్దామని. అవతలికి తెలుగు చేరలేదు. 'అ' ఉండాల్సిన చోట అ అని, ఉత్తరమంతా అంకెలే. ఆమె తిరిగి పంపిన ఆ ఉత్తరాన్ని ప్రింటు తీసుకొచ్చి నా బల్ల మీద పెట్టారు. వేలితో ఒక్కో వరుసా చూపిస్తూ తను రాసింది గుర్తు తెచ్చుకుని చదివి వినిపించారు. మనవరాలి అన్నప్రాశన గురించి.

సర్వర్‌లో ఉండే వెబ్‌మెయిల్ కాన్ఫిగ్ ఫైల్లో అక్షరాల సెట్టింగ్ ఐఎస్ఓ-8859-1లో ఉంది. అది తెలుగును మోయలేదు. దాన్ని యూటీఎఫ్-8కి మార్చి, "ఇప్పుడు రాయండి సార్" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అడిగారు: "ఆ రెండో మిషనులో కూడా మార్చావా బాబూ?"