గోడల్లేని కచేరీ

పాత కచేరీ గోడ ఒక్కటైనా కనిపిస్తుందేమోనని గుత్తి కోట కింద తిరిగాను. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి ఇచ్చేశాక కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో కచేరీ ఏళ్ల తరబడి డేరాల్లోనే నడిచింది. డేరా ఎత్తేస్తే ఆనవాలేం మిగుల్తుంది?

లెక్క మిగిలింది. పొలం పొలం కొలిచి, మధ్యలో పాలెగాడు లేకుండా రైతు పేరునే శిస్తు రాశారు. వానల్లేని నేలకు అది మోయలేని బరువు. 1807లో వెళ్లిపోతూ పావు వంతు తగ్గించమన్నదీ మన్రోనే. తగ్గింది మాత్రం 1820లో ఆయన మద్రాసు గవర్నరయ్యాకే.

1827లో పత్తికొండలో కలరాతో చనిపోతే గుత్తిలోనే పూడ్చి, తర్వాత అస్థికలు మద్రాసుకు తీసుకెళ్లారు. డేరా లేదు, సమాధిలో మనిషీ లేడు. ఫోన్‌లో మీ పొలం అడంగల్ తెరవండి. రైతు పేరు, పొలం కొలత... ఆ కచేరీ ఇంకా నడుస్తూనే ఉంది.