ఇద్దరే మిగిలిన బిరాదరీ

అమెరికాలో యూనివర్సిటీల ఆటల టీములు ఒంటరిగా ఆడవు. కొన్ని యూనివర్సిటీలు కలిసి ఒక జమాత్ కట్టుకుంటాయి. దాన్ని కాన్ఫరెన్స్ అంటారు. ఎవరితో ఎవరు ఆడాలి, టీవీ వాళ్లిచ్చే పైసల్లో ఎవరి హిస్సా ఎంత అనేది ఆ జమాతే తేలుస్తుంది.

పసిఫిక్ సముద్రం వైపున్న పాక్-12 అట్లాంటి జమాతే. దాని షజరా 1915 దాకా పోతుంది. అప్పుడు నలుగురే. 1959లో పాత జమాత్ రద్దయి కొత్త పేరుతో మళ్లీ లేచింది. 1978లో అరిజోనా నుంచి ఇద్దరు, 2011లో కొలరాడో, యూటా చేరి పన్నెండుగురయ్యారు. మన పిల్లలు పై చదువులకు దరఖాస్తు పెట్టుకునే అరిజోనా స్టేట్ కూడా అందులో ఉండేది.

2022 జూన్ 30న లాస్ ఏంజిలిస్‌లోని రెండు పెద్ద యూనివర్సిటీలు, యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ, బిగ్ టెన్‌కు పోతామని ఎలాన్ చేశాయి. అక్కడ టీవీ సొమ్ము ఎక్కువ. ఆ తర్వాత పాక్-12కు సరైన టీవీ కాంట్రాక్టు కుదరలేదు. 2023 జులైలో కొలరాడో లేచింది. ఆగస్టు 4న ఒక్కరోజే ఐదుగురు సలాం చెప్పేశారు. స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ కూడా అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో చేరాయి. పసిఫిక్ ఒడ్డు వాళ్లు అట్లాంటిక్ బిరాదరీలో! ఇప్పుడు యూసీఎల్‌ఏ పిల్లలు న్యూజెర్సీలో ఆడాలంటే దాదాపు 4 వేల కిలోమీటర్లు ఎగరాలి. టీవీ సొమ్ము ఎక్కువగా ఫుట్‌బాల్‌ది. ప్రయాణం మాత్రం వాలీబాల్, సాఫ్ట్‌బాల్ ఆడే ఆడపిల్లలకు కూడా.

చివరికి మిగిలింది ఇద్దరు: ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్. ఒరెగాన్ స్టేట్ 1915 నాటి ఆ నలుగురిలో ఒకటి. వాళ్లను పిలిచినవాడు లేడు. పైగా వెళ్లేవాళ్లు, వెళ్లేదాకా బోర్డులో కూర్చుంటాం, ఖజానా మీద మాకూ హఖ్ ఉందన్నారు. జమాత్ నియమాల్లో మాత్రం, ఫలానా తేదీకి ముందు పోతానని నోటీసు ఇచ్చినవాడికి బోర్డులో కుర్సీ ఉండదని రాసి ఉంది. 2023 నవంబర్‌లో కోర్టు ఆ ఇద్దరి వైపే నిలిచింది. డిసెంబర్‌లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ ఫైస్లాలో వేలు పెట్టలేదు. తర్వాత రాజీ కుదిరి, వెళ్లేవాళ్లు తమ హిస్సాలో కొంత వదులుకున్నారు.

ఇక్కడిదాకా నా దిల్ ఆ ఇద్దరితోనే ఉంది. అసలు సవాల్ తర్వాత వచ్చింది.

జమాత్ నిలవాలంటే కనీసం ఎనిమిది మంది ఉండాలని ఖాయిదా. రెండేళ్లు మొహలత్ ఇచ్చారు. ఆ కష్టకాలంలో, 2024లో, వాళ్లకు ఫుట్‌బాల్ మ్యాచులిచ్చి ఆదుకున్నది పక్కనున్న మౌంటెన్ వెస్ట్ కాన్ఫరెన్స్. మా వాళ్లను లాక్కుంటే జుర్మానా కట్టాలని ముందే రాయించుకుంది కూడా. 2024 సెప్టెంబర్‌లో ఆ ఇద్దరూ మౌంటెన్ వెస్ట్ నుంచే ఐదుగురిని తెచ్చుకున్నారు. జుర్మానా చెల్లదని కోర్టుకూ వెళ్లారు. 2025లో టెక్సాస్ స్టేట్‌తో ఫుట్‌బాల్ లెక్క ఎనిమిదికి చేరింది.

మజ్బూరీ నాకు అర్థమవుతుంది. కానీ నిన్న రాతను పట్టుకుని ఇన్సాఫ్ అడిగినవాడే ఇవాళ తన దస్తఖత్ ఉన్న రాత చెల్లదంటే ఏమనాలి?

అదే దేశంలో ఐవీ లీగ్ ఉంది. 1954 ఒప్పందం నాటి ఎనిమిదిమందే ఇవాళా ఉన్నారు. ఆట కోసం స్కాలర్‌షిప్ ఇవ్వకూడదని వాళ్ల షర్తు. నిజమే, వాళ్లు దౌలత్‌మంద్‌లు, టీవీ పైసల కోసం ఎదురుచూసే అవసరం లేదు. అయినా ఏం సంపాదించాలన్నదాని కంటే ఏం చేయకూడదన్నది ముందుగా కలిసి తేల్చుకున్నారు.

అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోమని సూరా బఖరా చెబుతుంది. మన ఇళ్లలో అన్నదమ్ములు కలిసి దుకాణం పెడితే, రాసుకుందామన్నవాడిని భరోసా లేనివాడిలా చూస్తాం. ఆ ఇద్దరినీ కాపాడింది ముహబ్బత్ కాదు, మంచి రోజుల్లో రాసిన నాలుగు ముక్కలు. అయితే రాయడం సగం పనే. ఆ కాగితం మనకే అడ్డం పడిన రోజున కూడా దాన్ని మన్నించడం మిగతా సగం.