మందు సీసా వెంట వచ్చే కాగితం

చేవెళ్లలో ఒక ఎరువుల దుకాణం. పురుగుమందు సీసా కొన్న రైతు దాని వెంట వచ్చిన మడత కాగితాన్ని కౌంటరు మీదే వదిలేసి వెళ్లిపోయాడు. అందరూ అంతేనట. దుకాణదారుణ్ని అడిగి ఆ కాగితం తీసుకుని, మొయినాబాద్ దగ్గరి పాలీహౌస్‌కు వెళ్లాను. అక్కడ గులాబీ, జర్బెరా పండించి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పంపుతారు.

ఆసామీ, నేనూ కూర్చుని చదివాం. 1971 నాటి పురుగుమందుల నిబంధనల ప్రకారం ఇందులో వాడే పద్ధతి, విష లక్షణాలు, ప్రథమ చికిత్స, విరుగుడు ఉండాలి. ఉన్నాయి, తెలుగులోనే. కానీ అంతటా ‘వినియోగదారుడు’ అన్న ఒక్క మాటే. ఎవరాయన?

మోతాదు పట్టికలో హెక్టారుకు మందు లెక్క రెండు అంకెల్లో ఉంది. అసలు విషపదార్థం ఎన్ని గ్రాములో ఒకటి, సీసాలోని మందు ఎన్ని మిల్లీలీటర్లో రెండోది. మొదటిది రైతుకు అక్కర్లేదు. రెండోదీ పనికిరాదు, ఇక్కడి లెక్క ఎకరాలు, గుంటలు. హెక్టారుకు 500 మిల్లీలీటర్ల మందు, 500 లీటర్ల నీళ్లు అని ఉందనుకోండి. పిచికారీ చేసే మనిషికి కావలసింది ఒక్క ముక్క: 16 లీటర్ల ట్యాంకుకు 16 మిల్లీలీటర్లు. అదే లేదు.

మందు కొట్టే కుర్రాణ్ని సీసా మీది రంగు ముక్కోణం గురించి అడిగాను. “ఎర్రది ఉంటే మస్తు పవరుంటది సార్, పురుగు బతకదు” అన్నాడు. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ చెప్పేది పురుగు సంగతి కాదు, మనిషికి ఎంత ప్రమాదమో. అన్నిటికంటే ప్రమాదం ఎరుపు. ఎవరి ఒంటిని కాపాడాలని ఆ రంగు పెట్టారో, అతనికే ఆ సంగతి చేరలేదు. నాకు చాలా బాధేసింది.

పూలు కోసే ఆమె అడిగింది: “నిన్న కొట్టిన్రు. ఇయ్యాల లోపలికి పోవచ్చా సారూ?” కాగితం తిరగేశాను. చివరి పిచికారీ తర్వాత కోతకు ఎన్ని రోజులు ఆగాలో ఉంది, అది పంట తినేవాళ్ల కోసం. గాలి సరిగా ఆడని ప్లాస్టిక్ కప్పు కింద, చేతొడుగుల్లేకుండా పొద్దంతా పనిచేసే ఆమె కోసం ఒక్క వాక్యం కనిపించలేదు.

కంపెనీలు ఈ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి రాయాలి: కొనేవారికి, కొట్టేవారికి, కోసేవారికి, డాక్టరుకు. డాక్టరు ముక్కలో విషపదార్థం పేరు, విరుగుడు పెద్ద అక్షరాల్లో ఉండాలి, చించుకుని ఆసుపత్రికి పరుగెత్తేలా. కొట్టేవారి ముక్కలో ట్యాంకు లెక్క, కోసేవారి ముక్కలో ఎన్ని గంటలు ఆగాలో ఆ అంకె, అంతే పెద్దగా.